దండ వేసిన బొమ్మ

ఐకాన్ అనే మాట నేను మొదటిసారి విన్నది బెంగాలీల ఊళ్ళోని మా రైల్వే కాలనీ, న్యూ సెటిల్‌మెంట్‌లో మా తెలుగు బడిలో. సైన్సు సామాన్ల గదిలో ఓ మూల రెండు కంప్యూటర్లు ఉండేవి, వాటికి గుడ్డ ముసుగులు. మాస్టారు ముసుగు తీసి, చేతులు జోడించి, తెర మీదున్న చిన్న చిన్న బొమ్మలు చూపించి, "ఇయ్యన్నీ ఐకాన్లమ్మా. బొమ్మ మీద నొక్కితే దాని ఎనకాల పడుకున్నది లెగుస్తాది. తెలీకుండా నొక్కకండి" అన్నారు. తెలీకుండా నొక్కితే షాకు కొడుతుందేమో అనుకుని నేను చాలా రోజులు ఆ గదిలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేదాన్ని.

ఆ మాటకి ఇంకా అర్థాలున్నాయని తరవాత ఒక్కొక్కటే తెలిసింది. మా పక్క క్వార్టర్లో నర్సు పని చేసే పిన్ని ఉండేది. వాళ్ళు క్రైస్తవులు. వాళ్ళింట్లో గోడల మీద వాక్యం అచ్చేసిన క్యాలెండరు తప్ప ఇంకేమీ ఉండదు. ఐకాన్ అంటే అసలు దేవుడి పటమట కదా పిన్నీ అని ఓసారి అడిగితే, "వేరే సంగాలోళ్ళు పెట్టుకుంతారే. మాకు దేవుడు ఒద్దన్నాడు. బొమ్మ సేసినోడు సివరికి ఆ బొమ్మకే దణ్ణమెడతాడు" అంది. ఇక ఎండాకాలం మా తెలుగువాళ్ళ అమ్మవారి జాతర, మాతా పూజ, వచ్చిందంటే మా వీధి మొగలో ఫ్లెక్సీ లేస్తుంది. దాని మీద నల్లకళ్ళజోడు పెట్టుకున్న కుర్రాడొకడు, కింద ‘యూత్ ఐకాన్’ అని బంగారు రంగు అక్షరాలు. ఆ ఐకాన్ గారు పొద్దస్తమానం గోల్‌బజార్ టీ కొట్టు దగ్గర పేక ముక్కలు పంచుతూ కనిపిస్తాడు. ఆ ఫ్లెక్సీ చేసింది నేనే కాబట్టి నవ్వే హక్కు నాకుంది.

అవును, నా పని అదే. ఖరిదా వెళ్ళే దారిలో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైన్లు చేస్తాను. యజమాని బెంగాలీ, ఆయన్ని దాదా అంటాను. మా షాపుకి మూడే రకాల ముఖాలొస్తాయి. దేవుళ్ళవి, దేవుళ్ళమవుదామనుకునేవాళ్ళవి, పోయినవాళ్ళవి. పోయినవాళ్ళ సామాను కంప్యూటర్లో వేరే ఫోల్డర్లో ఉంటుంది. దండలు, దీపాలు, మబ్బులు, తెల్ల పావురాలు. ఒకసారి పనేమీ లేనప్పుడు ఎవరో సినిమా హీరో ముఖానికి దండ తగిలించి ఎలా ఉంటుందో చూస్తున్నాను. వెనకనుంచి దాదా గయ్యిమన్నాడు. "పాగల్ హో గయీ క్యా? జిందా ఆద్మీకో మాలా?" అని, బతికున్నవాడికి దండేమిటని కేకలేసి, ఆ ఫైలు తనే తీసేసి, అగరొత్తి వెలిగించాడు. ఆయనకి చాదస్తమనుకున్నాను. చాదస్తానికి మా ఇంట్లో కొదవేముందని!

మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. పని మొదలయ్యే సైరను కంటే ముందే లేచి సైకిలు తుడుచుకునే మనిషి. సైకిలంటే ఆయనకి మా అందరికంటే ఎక్కువని అమ్మ దెప్పేది. ఆయన దారిలో పెద్ద పెద్ద నిద్రగన్నేరు చెట్లున్నాయి. ఎండలు ముదిరే రోజుల్లో వాటి మీద కాకులు గూళ్ళు పెడతాయి. పిల్లలున్న కాకి కింద ఎవరు పోయినా ఊరుకోదు, ముక్కుతో పొడుస్తుంది, కాళ్ళతో తన్నుతుంది. ఆ సంగతి ఆ దారిన పోయే వాళ్ళందరికీ తెలుసు, కొందరు తల మీద తువ్వాలు వేసుకునే వెళ్తారు. మా నాన్న వేసుకోలేదు. ఒకరోజు మధ్యాహ్నం భోజనానికొచ్చి, నుదుటి పైన చిన్న గీత చూపించి, "ఇదిగో, కాకమ్మ తన్నింది" అని నవ్వాడు.

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఎక్కడ తన్నింది? నడినెత్తినా?"

"నెత్తినే. ఏటయిందిప్పుడు? కాకికి నా బట్టతల నచ్చినట్టుంది."

అమ్మ నవ్వలేదు. అన్నం వడ్డించింది గానీ తను తినలేదు. సాయంత్రం దీపం పెట్టే వేళకి గుడికెళ్ళి పంతులుగారిని అడిగొచ్చింది. మా అమ్మకి పంతులుగారు తుమ్మినా శాస్త్రమే. ఆయన శనికి నువ్వుల నూనె దీపం పెట్టమన్నారట, నువ్వులు దానమిమ్మన్నారట. అక్కడితో ఆగితే బాగుండేది. "మన పాత పద్ధతి కూడా ఉంది గదమ్మా, తెలిసినోళ్ళు సేస్తారు" అని ఒక మాట వదిలారట. ఇంక మా అమ్మ ఆ మాటని పట్టుకుంది.

పాత పద్ధతి తెలియని వాళ్ళకి చెప్తాను. కాకి నెత్తిన తన్నితే ఆ మనిషికి గండమని మా వైపు నమ్మకం. దానికి విరుగుడు, చావు కబురు మనమే ముందు పంపేయడం. దూరాన ఉన్న అయినవాళ్ళకి, ఫలానా మనిషి పోయాడని కబురు పెడతారు. వాళ్ళు అది నిజమనుకుని ఏడవాలి. గుండెలు బాదుకుని ఏడిస్తే, వాకిట్లో నిలబడ్డ చావు, ఈ ఇంట్లో నా పని అయిపోయింది కాబోలనుకుని వెళ్ళిపోతుందట. ఏడుపు అయిందని తెలిశాక రెండో కబురు వెళ్తుంది, ఉత్తిదే, కాకి తన్నింది, అందుకని చెప్పామని. వాళ్ళు నాలుగు తిట్లు తిట్టి, తలంటు పోసుకుని, ‘వాడికి నూరేళ్ళు’ అని నవ్వుకుంటారు. పూర్వం పసుపు రాయని కార్డు ముక్క వెళ్ళేదట. కార్డు చేరడానికి కొన్నాళ్ళు, రెండో కార్డు చేరడానికి ఇంకొన్నాళ్ళు. ఆ మధ్యన వాళ్ళెలా బతికేవారో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

ఏడ్చేవాళ్ళకి అది ఉత్తిదని తెలియకూడదు. అదే ఇందులో అసలు కిటుకు. అందుకని బాగా ఏడ్చే మనిషిని ఎంచుకోవాలి. ఆ మనిషి ఎవరో మా ఇంట్లో ఎవరూ అడగక్కర్లేదు. మా పెద్దత్త, నాన్నకి అక్క. పలాస దగ్గర పల్లెలో ఉంటుంది. అత్త తరవాత, నాన్నకి ముందు పుట్టిన పిల్లలు దక్కలేదు. అందుకని నాన్న పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. చావు చూసి, ఇదేదో పారేసిన సరుకులే అనుకోవాలని. అప్పుడు చిన్నపిల్లగా ఉన్న అత్త చాటెడు తవుడు తెచ్చి ఇచ్చి, "ఈడ్ని నాను కొనుక్కున్నాను" అని ఎత్తుకుందట. ఆ తరవాత ఆమెకి పెళ్ళయింది, పిల్లలు కలగలేదు, భర్త పోయాడు. మిగిలింది ఆ కొనుక్కున్న తమ్ముడే. "ఆడు మీ అమ్మ మొగుడు గాదే, మీకు నాను అద్దెకిచ్చినాను" అని నాతో అనేది. సగం వేళాకోళం, సగం నిజం.

అత్తకి చదువు రాదు. ఫోను మాత్రం వాడుతుంది. ఎలాగంటే, ఒకసారి మా ఇంటికొచ్చినప్పుడు ఆమె ఫోనులో ప్రతి నంబరుకీ ఒక బొమ్మ పెట్టాను. పాలవాడికి చెంబు, ఆశా కార్యకర్తకి మందు సీసా, నాకు నా ముఖం, నాన్నకి నాన్న ముఖం. ఫోను మోగితే గుండ్రంగా ఆ బొమ్మ వస్తుంది. అక్షరం ముక్క రాని మనిషికి ఆ గుండ్రటి బొమ్మే మనిషి. నాన్న బొమ్మ వచ్చిందంటే రెండు చేతులా ఫోను పట్టుకుని, "సెప్పరా తమ్ముడా" అనేది. ఎప్పుడూ అదే మాట, అదే గొంతు. మా ఇంట్లో దాన్ని అనుకరించి నవ్వుకునేవాళ్ళం.

"కార్డులూ టెలిగ్రాములూ ఎక్కడున్నాయిప్పుడు?" అంది అమ్మ. "ఫోన్లో పంపీడమే. వదినకి సదూ రాదు. నాన్న ఫోటోకి దండేసి పంపిస్తే బోదపడతాది. అది పంపీగానే ఏడుస్తా మనకి ఫోన్ సేస్తాది. కాసేపు ఏడవనిచ్చి నిజం సెప్పీడమే. పావుగంట పని."

నాకు ఒళ్ళు మండింది. "నేను చెయ్యను. కావలిస్తే షాపులో దాదాని అడుగు, చీపురు తిరగేస్తాడు" అన్నాను. పక్క క్వార్టర్ పిన్ని కూడా గోడ అవతల్నించి విని వచ్చింది. "సావుతో ఆటలేటి వదినా? ఇంత పెద్ద ఆసుపత్రుంది, తీసుకెళ్ళి గుండెకాయ సూపించండి. ఆయన ఈమజ్జ మెట్టెక్కితే ఆయాసపడతన్నాడు, నాను సూస్తన్నాను" అంది. మంచి మాట చెప్పింది. అమ్మ ఆ మాటలో ఆసుపత్రిని వినలేదు, ఆయాసాన్ని మాత్రం విన్నది. "సూసినావా? పైవోళ్ళకి గూడా కనిపిస్తంది" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడవడం మొదలెట్టింది.

చివరికి ఒప్పుకున్నది నాన్నే. అమ్మ అన్నం మానేసి కూర్చుంటే ఆయన ఎంతకైనా దిగొస్తాడు. "సెయ్యవే, మీ అమ్మ సరదా ఎందుక్కాదనాల? నా దండ నానే సూసుకునే యోగం ఎంతమందికుంతాది?" అని నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఫోటో తనే ఎంచాడు, గీతల చొక్కా వేసుకుని స్టూడియోలో తీయించుకున్నది. నేను బంతిపూల దండ వెయ్యబోతే, "అదొద్దు, పెళ్ళి పందిరి లాగుంతాది. మన బెంగాలీ దాదాలు ఏస్తారే, తెల్లటిది, రజనీగంద. అది ఏసీ" అన్నాడు. వేశాను. రెండు పక్కలా దీపాలు పెట్టమన్నాడు, పెట్టాను. నుదుట బొట్టు పెట్టమన్నాడు, పెట్టాను. అప్పటిదాకా నవ్వుతున్న మనిషి తెర కేసి చూస్తూ ఉండిపోయాడు. "బాగానే ఉన్నాను" అని లేచి కుళాయి దగ్గరికెళ్ళి ముఖం కడుక్కున్నాడు.

ఆదివారం పొద్దున్న నాన్న ఫోనులోంచి ఆ బొమ్మ వెళ్ళింది. ముగ్గురం ఫోను మంచం మీద పెట్టుకుని చుట్టూ కూర్చున్నాం. అమ్మ రెండో కబురు ఎలా చెప్పాలో మాటలు కూడబలుక్కుంటోంది. ఫోను మోగలేదు. అత్త బొమ్మ చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి. అయినా మోగలేదు. కాసేపాగి మేమే చేశాం. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాం, ఎత్తలేదు. వంటింట్లో పప్పు మాడు వాసన వచ్చేదాకా అమ్మ అక్కణ్ణుంచి లేవలేదు. ఆ మాడిన పప్పే ఆ పూట తిన్నాం.

నాన్నకి అక్కడ ఒక దూరపు చుట్టం నంబరుంది. అతనికి నాన్నే చేశాడు. అవతల ఆయన, చేసింది నేననుకుని, ఆత్రంగా, "ఎవులు? మీ అత్త తలుపుకి తాళమేసి ఏడ్సుకుంటా రోడ్డెక్కినాదంట. ఫోను ఇంట్లోనే ఒగ్గీసినాది, లోపల మోగతంది. మావోడు ఎప్పుడు పోనాడమ్మా?" అన్నాడు.

"నానేరా మాట్లాడతన్నాను" అన్నాడు నాన్న.

అవతల ఊపిరి ఆగిన చప్పుడు మాకూ వినిపించింది. ఫోను కట్ అయిపోయింది. ఆ తరవాత ఎన్నిసార్లు చేసినా ఆయన ఎత్తలేదు. నాన్న ఫోను కేసి చూసుకుంటూ, "నా గొంతు ఇని బయపడ్డాడే" అన్నాడు. ఆ రోజంతా ఆయన మళ్ళీ నవ్వలేదు. నాకు భయం వేసింది. ఆ భయానికి ఒక రూపం కూడా లేదు, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు, అందుకని అమ్మ మీదే అరిచాను.

అత్త మర్నాడు పొద్దున్నే వచ్చింది. నాన్న స్టేషనుకి ఎదురెళ్తానన్నాడు గానీ అమ్మ వెళ్ళనివ్వలేదు. జనంలో ఒక్కసారిగా చూస్తే వదిన గుండె ఆగిపోతుందని. నన్ను పంపింది. ఏ పెట్టెలోంచి దిగిందో, ఏ గేటులోంచి బయటికెళ్ళిందో, నాకు ప్లాట్‌ఫారం మీద కనపడలేదు. నేను వెతుక్కుంటుండగానే ఆమె రిక్షాలో మా ఇంటికి చేరిపోయింది. నేను సైకిలు తొక్కుకుంటూ వీధి మొగకొచ్చేసరికి ఆమె మా గేటు తీస్తోంది. జుట్టు విరబోసుకుని ఉంది. చీర కుచ్చెళ్ళు సగం ఊడి నేల మీద ఈడుస్తున్నాయి. గొంతు అప్పటికే పోయింది, నోరు మాత్రం కదులుతోంది. పెరట్లో కుళాయి దగ్గర నాన్న బనీనుతో, చెంపలకి సబ్బు నురగతో, అద్దం చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆమె ఆగింది. నాన్న అక్కని ఎప్పుడూ పిలిచేలాగే "అప్పా" అన్నాడు. దగ్గరికెళ్ళి ఆయన ముఖం మీద నురగ చేత్తో తుడిచి చూసింది. చెవులు పట్టుకుని చూసింది. తరవాత కొట్టడం మొదలెట్టింది. భుజాల మీద, వీపు మీద, దొరికిన చోటల్లా. నాన్న కదల్లేదు. చిన్నపిల్లాడిలా తల వంచుకుని దెబ్బలు తిన్నాడు. అమ్మ ఆమె కాళ్ళ మీద పడి కాకి సంగతి చెప్పింది. అత్త మెట్టు మీద కూలబడింది.

"దారంతా ఏడ్సినాను" అంది, గాలి లాంటి గొంతుతో. "రైల్లో ఎవులో తల్లి నీళ్ళిచ్చినాది. ఒరియా ఆడమనిసి. అది గూడా నాతో ఏడ్సినాది. ఉన్న కన్నీళ్ళన్నీ అయిపోనాయే. ఇంక నా కాడ నేవు."

ఆమె కొన్నాళ్ళు మా దగ్గరే ఉంది. నాన్న డ్యూటీకి వెళ్తుంటే గేటు దాకా వెళ్ళి, తల మీద తువ్వాలు తనే చుట్టేది. వెళ్ళిపోయే ముందురోజు నన్ను పిలిచి ఫోను చేతికిచ్చింది. "ఇందల ఆడి బొమ్మ మార్సీ. ఆ దండేసిన బొమ్మే పెట్టు" అంది.

"ఒద్దత్తా, ఛీ" అన్నాను.

"నీకు తెలీదు గుంటా. సావు వొచ్చినాది. ఆ బొమ్మ సూసినాది. ఈడి పని అయిపోనాదిలే అనుకోని ఎల్పోనాది. మల్లీ ఎప్పుడైనా వొచ్చినా ఈ దండ సూసి తిరిగిపోతాది. పెంట మీద పడుకోపెట్టినప్పుడు తిరిగిపోలేదేటి? అలాగే. ఈ దండున్నన్నాల్లు ఆడికేటీ అవదు."

నేను నాన్న కేసి చూశాను. "పెట్టీవే, దాని సంతోసం" అన్నాడు. పెట్టాను. గుండ్రటి గీత లోపల నాన్న ముఖం, మెడలో రజనీగంధ దండ, నుదుట బొట్టు. అత్త ఆ తెరని కళ్ళకద్దుకుని కొంగులో ముడేసుకుంది.

పక్కింటి పిన్ని మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. దేవుడి పటం, నాయకుడి ఫ్లెక్సీ, ఫోనులో గుండ్రటి ముఖం, అన్నిటినీ అదే మాటతో పిలుస్తారని చదువుకున్నదాన్ని. అత్తకి ఆ మాటే తెలియదు, కానీ ఆమె చేతిలో మాత్రం ఆ బొమ్మ నిజంగా దేవుడి పటమైపోయింది. పొద్దున్నే దాన్ని పసుపు వేలితో ముట్టుకున్నాకే పాలు తాగేదట. ఆ చుట్టమే చెప్పాడు, తరవాత. తెర మీద పసుపు మరక పోవడం లేదని ఊళ్ళో నవ్వుకుంటున్నారట.

వానలు వచ్చాయి, పోయాయి. నాన్న ప్రతి ఆదివారం అత్తకి ఫోను చేసేవాడు. అవతల ఆమె చేతిలో మెడలో దండతో మా నాన్న మోగుతున్నాడని నాకు తెలుసు. "సెప్పరా తమ్ముడా" అన్న మాట బయటికి వినిపిస్తే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని. నాన్నని ఆసుపత్రికి పదమంటే, రేపు మాపు అనేవాడు. అమ్మకీ తొందర లేదు. గండం గడిచిపోయింది కదా అన్న ధీమా ఆమెది. ఇంట్లో అందరూ ఒక బొమ్మని నమ్ముకుని కూర్చున్నారు. దాన్ని చేసిన నాకు మాత్రం ఆ నమ్మకం లేదు. షాపులో పోయినవాళ్ళ ఫోల్డరు తెరవాల్సి వస్తే ఆ రజనీగంధ దండని దాటేసి వేరేది వాడేదాన్ని. ఎందుకే అని దాదా అడిగాడు. అది బాగోదని చెప్పాను.

చలి మొదలైన రోజుల్లో, మంచు ఇంకా విడవలేదు, నాన్న డ్యూటీకి బయల్దేరుతూ బూటు లేసు కట్టుకోడానికి మెట్టు మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవలేదు. "ఒలే, కాస్త నీళ్ళియ్యి" అన్నాడు అమ్మతో. అమ్మ చెంబుతో వచ్చేసరికి గోడకి చేరగిలబడి ఉన్నాడు. పిన్ని పరుగెత్తుకొచ్చి గుండెల మీద చేతులతో నొక్కింది, నోట్లో ఊపిరూదింది, అలుపొచ్చి ఏడ్చేదాకా నొక్కింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. తీసుకెళ్ళేసరికే అయిపోయింది.

అత్తకి చెప్పాలి. అమ్మకి చెప్పే స్థితి లేదు. నా ఫోను చార్జింగు లేక ఆగిపోయింది. నాన్న ఫోను ఆసుపత్రి వాళ్ళు ఆయన చొక్కా జేబులోంచి తీసి నా చేతికిచ్చారు. ఆలోచించకుండా దాంతోనే చేశాను. చేశాక గుర్తొచ్చింది, అవతల ఏ ముఖం వెలుగుతుందో.

"సెప్పరా తమ్ముడా" అంది అత్త.

"అత్తా, నానే. నాన్న పోనాడత్తా" అన్నాను. షాపులోనూ బడిలోనూ నేను నేర్చుకున్న భాషంతా పోయి అదొక్కటే మిగిలింది.

ఆమె గొంతు తగ్గించి, ఎవరూ వినకూడదన్నట్టు, "మల్లీ కాకి తన్నిందేటే?" అంది.

"కాదత్తా! నిజం. నిజంగా పోనాడు. ఒట్టు."

"ఆఁ, నిజమనే సెప్పాల మరి. ఉత్తిదంటే ఏడుపొస్తాదేటి?" అంది. "బయపడకే. నా కాడ దండుంది. ఆడికేటీ అవదు. మీ అమ్మకి సెప్పు, నాను సూసుకుంతాను." ఆ మాటతో ఆమె ఏడుపు అందుకుంది. రాగం పెట్టి, ఒక్కొక్క మాటా విడదీసి, నన్నొగ్గీసి ఎల్పోనావా నాయినో, సాటెడు తవుడుకి కొనుక్కున్నాను తమ్ముడో అని. ఆ ఏడుపు వింటుంటే, నోటితో కాదన్నా లోపల నమ్మిందనే అనుకున్నాను. ఎవరైనా అలా ఉత్తినే ఏడవగలరా? ఫోను పెట్టేశాను.

ఆమె వస్తుందని మేమందరం నిశ్చయంగా అనుకున్నాం. మధ్యాహ్నం ఫోను చేస్తే ఎత్తలేదు. సాయంత్రం చేసినా ఎత్తలేదు, అక్కడి చుట్టమూ ఎత్తలేదు. పోయినసారీ ఇలాగే ఫోను ఇంట్లో వదిలేసి బండెక్కిందిగా, ఇప్పుడూ అలాగే వస్తోందన్నారు అందరూ. అక్క కడసారి చూపు చూసుకోవాలి కదా అని మంచు పెట్టెలో నాన్నని అట్టేపెట్టాం. మర్నాడు పొద్దున్న నేను స్టేషనుకెళ్ళి, ఈసారి తప్పిపోకూడదని, పెట్టె పెట్టె కిటికీలూ చూసుకుంటూ నడిచాను. అత్త లేదు. తరవాతి బండికీ చూశాను. లేదు. తిరిగొచ్చేసరికి నాన్నతో పని చేసినవాళ్ళు వాకిట్లో నిలబడి ఉన్నారు. ఇంకా ఆపడం బాగోదన్నారు. అమ్మ తలూపింది. తీసుకెళ్ళిపోయారు.

మగవాళ్ళు స్నానాలు చేసి వెళ్ళాక, ఇల్లు కడిగాక, పిన్ని పంపిన టీ గ్లాసులు చల్లారిపోయి ఉన్నాయి. అప్పుడు మంచం మీద నాన్న ఫోను మోగింది. తెర మీద గుండ్రంగా అత్త ముఖం. మాతా పూజకొచ్చినప్పుడు నేనే తీసిన ఫోటో, నోరంతా తెరిచి నవ్వుతోంది.

"ఏటే, ఇంతసేపా?" అంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది. "నిన్నట్నించి గుమ్మంలో కూకున్నాను. ఫోను సార్జీకి దుకాణంలో ఇచ్చినాను, ఇప్పుడే తెచ్చుకున్నాను. మీకాడ్నించి బోల్డు ఫోన్లు వొచ్చినాయి. రెండో కబురు సెప్పనాకే గదా? ఏడవమన్నారు, ఏడ్సినాను. ఊరోల్లందరూ నిజమనుకునేలాగ ఏడ్సినాను, ముద్ద గూడా ముట్టలేదు. సాలదేటి? ఇంక ఉత్తిదని సెప్పీ, నాను తలంటుకోని ఇంత గంజి తాగుతాను. ఆడికియ్యి ఫోను."

అమ్మ గోడకానుకుని కూర్చుని ఎవరన్నట్టు నా కేసి చూసింది. నేను ఫోను చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాను. అవతల అత్త ఎదురుచూస్తోంది.